సిమెంటు రేకుల దుమ్ము – మన మేస్త్రీలు, మన ఇండ్లు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికేవాళ్లము. మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. ప్రతి ఏడూ ఈ వేదిక మీద మాకు "విద్య యొక్క ఆవశ్యకత" అనే విషయమే ఇస్తారు. మేమూ అదే మాట్లాడుతాము, మీరూ అదే వింటారు, బిర్యానీ తిని ఇండ్లకు పోతాము. ఈ ఏడు కార్యదర్శిగారిని అడిగి వేరే విషయం తీసుకున్నాము. ఆయన విని, "మాస్టర్ సాబ్, సిమెంటు రేకుల మీద అరగంట మాట్లాడటానికి ఏముంది?" అని నవ్వినారు. ఏముందో చెప్పడానికే నిలబడినాము.

పోయిన ఎండాకాలం మన షాదీఖానా వెనుక వంటశాల పాత రేకులు తీసినది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. రంజాను లోపల కొత్త కప్పు వేయాలని తొందర. కూలి మిగులుతుందని శ్రమదానం పెట్టుకున్నాము. 20 మంది కుర్రవాళ్లు వచ్చినారు. బోల్టులు తుప్పు పట్టి ఊడిరాలేదు గనుక, కింద నిలబడి గడ్డపారలతో పొడిచి, పైన సుత్తులతో కొట్టి, పగిలిన ముక్కలు పడినవి పడినట్టు పడేసినారు. ఒంటిగంటకల్లా పని ఐపోయింది. ఆ తరువాత పొడి పరకలతో ఊడ్చినారు. చిన్న పిల్లలు ఆ ముక్కలతో ఎవరిది దూరం పోతుందో అని విసిరే ఆట ఆడుకున్నారు. వంటశాలంతా తెల్లటి పొగ కమ్మినట్టు ఉండింది. మేము చేతిలో టీ గ్లాసు పట్టుకుని, అక్కడే గోడ వారగా నిలబడి, భేష్ భేష్ అన్నాము. ఆ సాయంత్రం మినిట్సు పుస్తకంలో "శ్రమదానము వలన కూలి ఖర్చు ఆదా అయినది" అని రాసినది కూడా మా చేతిరాతే.

ఆ రోజు పని చేసినవారిలో మా పాత విద్యార్థి ఒకడు ఉన్నాడు. పేరెందుకు, ఇక్కడే కూర్చున్నాడు. రేకులు వేయడం, తీయడం అతని వృత్తి. 14 ఏండ్లుగా అదే పని. మూతికి తువ్వాలు కట్టుకుని మా దగ్గరికి వచ్చి, "సార్, ఈ దుమ్ము మంచిది కాదని దుబాయిలో పని చేసి వచ్చినవాళ్లు అంటున్నారు. నిజమేనా?" అని అడిగినాడు. మేము ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సిమెంటు దుమ్మేరా, కడుక్కుంటే పోతుంది" అన్నాము. వాడు తల ఊపి మళ్లీ పైకెక్కినాడు. చిన్నప్పుడు మేము బోర్డు మీద ఏది రాస్తే అది రాసుకున్నవాడు గదా, ఈ మాట కూడా అట్లనే రాసుకున్నాడు.

ఆ రాత్రి మాకు ఆ ప్రశ్న మళ్లీ గుర్తుకు వచ్చింది. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడం మాస్టర్లకు అలవాటైన జబ్బు. తరువాత కొన్ని నెలలు దొరికినంత చదివినాము, తెలిసిన డాక్టర్లను అడిగినాము. అప్పటికి తెలిసింది, మేము చెప్పిన జవాబు పూర్తిగా తప్పని.

ఆస్బెస్టాసుకు తెలుగులో రాతినార అని మంచి పేరు ఉన్నది. ఇది చెట్టునార కాదు, గొర్రె బొచ్చు కాదు, భూమిలో దొరికే రాయి. నలిపితే దూదిపోగుల మాదిరి విడిపోతుంది. నిప్పులో వేస్తే కాలదు. మన ఉర్దూ, ఫార్సీ కవులు నిప్పులో బతికే సమందర్ అనే ప్రాణిని గురించి చెప్తారు. కాలని గుడ్డ ఆ ప్రాణి నుంచే వస్తుందని వెనుకటి రోజుల్లో నమ్మినవారు ఉన్నారు. అది జంతువు కాదు, భూమిలో తవ్వి తీసే పదార్థం అని 13వ శతాబ్దంలో ప్రయాణం చేసిన మార్కో పోలో రాయించిపెట్టినాడు. అంత దూరం ఎందుకు, మన కడప జిల్లాలోనే పులివెందుల వైపు బ్రాహ్మణపల్లె దగ్గర రాతినార గనులు ఉండేవి. 1986లో కేంద్ర ప్రభుత్వం ఈ తవ్వకానికి కొత్త లీజులు ఇవ్వడం ఆపివేసింది. తవ్వడం ఆగింది గాని వాడకం ఆగలేదు. ఇప్పటికీ రష్యా మొదలైన దేశాల నుంచి ఏటా లక్షల టన్నులు మన దేశానికి దిగుమతి ఔతున్నది. అందులో చాలా భాగం పోయేది రేకుల ఫ్యాక్టరీలకే.

హైదరాబాదులో ఈ రేకుల పరిశ్రమ 1946లో మొదలైంది. "చార్మినార్ రేకులు" అనే మాట మన నాయనల నోట్లో ఎట్లా ఆడేదో ఇక్కడి పెద్దలకు తెలుసు. రేకుల ఇల్లు అంటే ఆ రోజుల్లో ఒక మెట్టు పైకెక్కినట్టు. మనలో సగం మంది బోద కొట్టాల్లో పుట్టినవాళ్లమే. ఎండాకాలం ఒక నిప్పురవ్వ పడితే వీధి వీధంతా కాలిపోయేది. మట్టి మిద్దెల సంగతి చెప్పనక్కరలేదు, మూడు రోజులు ముసురు పట్టిందంటే రాత్రిపూట మిద్దె కింద పడుకోవడానికే భయం. ఆ కాలంలో నిప్పుకు కాలక, వానకు కారక, పేదవాడికి అందే ధరలో వచ్చిన కప్పు ఇది. దీన్ని వేసుకున్నవారిని ఎవరూ తప్పు పట్టరాదు. మా ఇంటి వసారాకు ఇప్పటికీ ఇవే రేకులు ఉన్నాయి.

రేకులో వందకు 8 నుంచి 10 పాళ్లు రాతినార ఉంటుంది, మిగతాది సిమెంటు మొదలైన పొడి. రేకు బాగుండి, పగలక, కదపక ఉన్నంతకాలం నార ఆ సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. కాబట్టి రేకుల ఇంట్లో కాపురం ఉన్నంత మాత్రాన ఏదో ఐపోతుందని మా అమ్మలు కంగారు పడవద్దు. ఈ రోజు ఇంటికి పోయి రేకులు పీకి పారేయవద్దు. అట్లా చేస్తే లేని ప్రమాదాన్ని తెచ్చిపెట్టుకున్నట్టు. ప్రమాదమంతా రేకును కోసినప్పుడు, తూట్లు పొడిచినప్పుడు, పగలగొట్టినప్పుడు, పాతబడి పొడి రాలుతుంటే గీకినప్పుడు. అప్పుడు విడిపోయే పోగులు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నవి. కంటికి కనిపించేవి కావు. కనిపించే దుమ్ము కింద పడిపోయినా ఇవి గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి. ముక్కులోంచి పోయి ఊపిరితిత్తుల లోతుల్లో గుచ్చుకుంటాయి. మామూలు దుమ్మైతే కఫంతో బయటికి వస్తుంది. ఈ పోగులలో కొన్ని లోపలే నిలిచిపోతాయి. "కడుక్కుంటే పోతుంది" అన్న మా మాట ఎంత తప్పో ఇక్కడ మీకు తెలుస్తుంది.

ఎక్కువ కాలం, ఎక్కువ దుమ్ము పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. దాన్ని ఆస్బెస్టోసిస్ అంటారు. రెండవది ఊపిరితిత్తుల క్యాన్సరు. మూడవది ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సరు, మీసోథీలియోమా అని పేరు. దీనికి కొద్దిపాటి దుమ్ము కూడా కారణం కావచ్చు. ఈ జబ్బులన్నీ బయటపడేది పని చేసిన నాడు కాదు, 20, 30, 40 ఏండ్ల తరువాత. పాము కరిస్తే కాలు వాస్తుంది, కనుక పాముకు భయపడుతాము. ఈ రోజు పీల్చిన దుమ్ము మనవళ్లను ఎత్తుకునే వయసులో బయటపడితే, ఎవరు దేన్ని దేనికి ముడిపెడుతారు?

మా మేనమామ సంగతి చెప్తాము. ఒక నూనె మిల్లులో బాయిలరు పైపులకు తెల్లటి తాడు చుట్టే పని చేసేవారు. ఆ తాడు తెగిన ముక్కలు ఇంటికి తెచ్చి పొయ్యి దగ్గర వాడేవారు. మేము చిన్నపిల్లలప్పుడు దాన్ని పీకి దూది మాదిరి చేసి ఆడుకున్నాము. ఆయనకు 60 దాటినాక దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. కఫంలో క్రిములు లేవని వచ్చినా టీబీ అని మందులు రెండు విడతలు మింగించినారు. తగ్గలేదు, చనిపోయినారు. ఆ తాడే కారణమని మేము ప్రమాణం చేసి చెప్పలేము. ఐతే ఇంతమంది డాక్టర్ల దగ్గరికి తిరిగినాము గదా, ఆయన ఏ పని చేసేవారని వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ మాట నోటితో చెప్పడానికి ఖర్చేమీ లేదు.

ఇక పై దేశాల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ రాతినార అన్ని రకాలూ మనుషులకు క్యాన్సరు కలిగిస్తాయని తేల్చింది. మన రేకుల్లో వాడే తెల్ల రకం కూడా అందులో ఉన్నది. పని చోట్ల పీల్చిన రాతినార వలన ప్రపంచంలో ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర, కెనడా 2018లో దీని వాడకాన్ని నిషేధించినాయి. బ్రిటన్‌లో నిషేధం వచ్చి ఇన్నేండ్లైనా పాత పనుల ఫలితంగా ఇప్పటికీ ఏటా వేలమంది చనిపోతూనే ఉన్నారు.

ఆ దేశంలో 2009లో ప్రచురించిన ఒక పరిశోధన మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. 1940 దశకంలో పుట్టి, 30 ఏండ్ల వయసు వచ్చే లోపల 10 ఏండ్లకు మించి వడ్రంగి పని చేసినవారిలో సుమారు 17 మందికి ఒకరు మీసోథీలియోమాతో పోతారని లెక్క తేలింది. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, పెయింటర్లలో సుమారు 50 మందికి ఒకరు. గమనించండి, వీళ్లు రాతినార ఫ్యాక్టరీలో కూలీలు కారు. ఇంటింటికీ పోయి తలుపులు బిగించినవారు, తూట్లు వేసినవారు, రంగులు పూసినవారు. అక్కడ ఎక్కువ వాడినది గోధుమ రంగు రాతినార పలకలు, మనవి తెల్ల రకం సిమెంటు రేకులు. గనుక ఆ లెక్క ఉన్నదున్నట్టు మనకు అంటగట్టడం న్యాయం కాదు. కాని ఏ చేతివృత్తుల పేర్లు ఆ పట్టికలో ఉన్నాయో చూడండి. మన మొహల్లాలో వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే కనిపించే వృత్తులే గదా ఇవి!

ఇంటి యజమానికి ఇది జీవితంలో ఒక్క రోజు పని. రేకులు మార్చడమో, వంటింటి పొగగొట్టానికి రంధ్రం కోయించడమో పదేండ్లకు ఒకసారి వస్తుంది. అదే మేస్త్రీకి ఈ రోజు నీ ఇల్లు, రేపు నా ఇల్లు, ఎల్లుండి ఇంకొకరి ఇల్లు. 100 మంది యజమానులు, ఒక్కొక్కరిదీ ఒక్కొక్క రోజు దుమ్ము, అన్నీ చేరేది ఒకడి ఎదలోకి. ఎవరిని అడిగినా "మా ఇంట్లో ఒక్క పూట పనే గదా" అంటారు. అది అబద్ధం కాదు. అందుకే ఈ దుమ్ము ఎవరి ఖాతాలోనూ పడటం లేదు.

వృత్తుల సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. రేకుల పనివారిది మొదటి స్థానం. మునుపు రేకును గీత గీసి, చేతిరంపంతో నెమ్మదిగా కోసేవారు. ఇప్పుడు గ్రైండరు వచ్చింది. రెండు నిమిషాల్లో రేకు తెగుతుంది, ఆ రెండు నిమిషాల్లో సందంతా తెల్లబడుతుంది. ఇంత ఎక్కువ దుమ్ము లేపే పనిముట్టు ఇంకొకటి లేదు. ప్లంబరు సోదరులకు ఒక మాట. పాత ఇండ్లలో మిద్దె మీది వాననీటి గొట్టాలు, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టాలు చాలావరకు ఈ సిమెంటు నారవే. నల్లా బిగించే తొందరలో దాన్ని బ్లేడుతో కోయవద్దు. కరెంటు పనివారు రేకుకు తూటు వేసేటప్పుడు తల పైకెత్తి నోరు తెరిచి పని చేస్తారు, పొడి నేరుగా నోట్లోనే పడుతుంది. రంగులవారు పాత రేకు మీది పాచిని ఇనుప బ్రష్షుతో గీకుతారు.

మెకానిక్ షెడ్లలో పిల్లకాయలు బ్రేకు డ్రమ్ము ఊడదీసి లోపలి నల్ల పొడిని గాలిపైపుతో "బుస్సు" మని ఊదుతారు. పాత బండ్ల బ్రేకు లైనింగుల్లో రాతినార ఉండేది, బజారులో దొరికే కొన్నింటిలో ఇప్పటికీ ఉంటుంది. ఏది ఎట్లాంటిదో చూపుతో చెప్పలేము గనుక ఊదవద్దు, తడిగుడ్డతో తుడవాలి. షెడ్డు యజమానులు ఈ సభలో నలుగురైదుగురు కనిపిస్తున్నారు. భాయ్, మీ షెడ్డులో ఉన్నవాళ్లు మా బడి మానేసిన పిల్లలే. వాళ్లు ఎందుకు మానేసినారో ఆ ఉపన్యాసం వచ్చే ఏడు పెట్టుకుందాము, ముందు ఆ గాలిపైపు సంగతి చూడండి.

మా బడి కూడా తక్కువేమీ కాదు. సైన్సు గదిలో స్పిరిటు దీపం మీద పెట్టే తీగవల ఉంటుంది, మధ్యలో తెల్లటి గుండ్రటి బిళ్ల. అది కూడా రాతినారే. పాతబడితే పొడి రాలుతుంది. మేము స్వయంగా గోటితో గీకి శుభ్రం చేసినాము. ఇప్పుడు పింగాణి బిళ్ల ఉన్నవి దొరుకుతున్నాయి. పాతవి తడిపి, కవరులో మూటగట్టి, తీసి పక్కన పెట్టించినాము.

ఇప్పుడు పరదా వెనుక వారికి. 1965లో లండనులో ఇద్దరు పరిశోధకులు మీసోథీలియోమా రోగుల జీవిత వివరాలు సేకరించినారు. వారిలో కొందరు ఏనాడూ రాతినార ఫ్యాక్టరీ గడప తొక్కినవారు కారు, ఆ పని చేసేవారితో ఒకే ఇంట్లో ఉన్నవారు. భర్త పనిబట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్లు వారిలో ఉన్నారు. కాబట్టి అమ్మా, మీ ఇంటాయన రేకుల పని నుంచి వస్తే ఆ బట్టలు దులపవద్దు. వాకిట్లోనే విప్పించి, బకెట్టు నీళ్లలో ముంచి, విడిగా ఉతకండి. పిల్లవాడు ఎదురుగా పరుగెత్తి పోయి నాయన మెడకు చుట్టుకుంటాడు, ఆ మొదటి ఐదు నిమిషాలు పిల్లవాణ్ణి పట్టుకోండి. స్నానం అయిన తరువాత ఎంతసేపైనా ఎత్తుకోవచ్చు.

బీడీలు, సిగరెట్లు తాగేవారికి ఇంకొక లెక్క ఉన్నది. అమెరికాలో 1979లో వచ్చిన లెక్క ప్రకారం, పొగ తాగక రాతినార పని చేసినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు సుమారు 5 రెట్లు, పని చేయక పొగ మాత్రం తాగినవారికి సుమారు 10 రెట్లు, రెండూ ఉన్నవారికి 50 రెట్లకు పైగా. ఐదూ పదీ కలిస్తే పదిహేను కావాలి గదా అని మా ఆరో తరగతి పిల్లవాడు కూడా అడుగుతాడు. ఇక్కడ కూడిక కాదు, గుణకారం జరుగుతున్నది. ఆ దుమ్ము ఇదివరకే పీల్చి ఉన్నవారికి ఇంకా చేతిలో ఉన్న పని, బీడీ మానడం.

మా తప్పు తెలిసినాక మేము ఆ అబ్బాయి ఇంటికి పోయినాము. "ఆ రోజు మేము తప్పు చెప్పినాము" అని మొదలుపెడితే వాడు లేచి నిలబడినాడు, పాపం. అన్నీ విన్నాడు. విని ఏమన్నాడంటే, "సార్, మీరు చెప్పినట్టు నీళ్లు చల్లి, బోల్టు బోల్టుకూ విప్పి, రేకు రేకూ దించితే ఒక రోజు పని రెండు రోజులు పడుతుంది. ఆ రెండో రోజు కూలి ఎవరిస్తారు? నేను ఎక్కువ అడిగితే పక్కవాణ్ణి పిలుస్తారు." మా దగ్గర జవాబు లేదు. ఈసారి మాత్రం తెలిసినట్టు నటించలేదు, ఊరికే టీ తాగి వచ్చినాము. ఈ రోజు మేము మీ ముందుకు తెచ్చినది వాడి ప్రశ్ననే. వాడికి జవాబు చెప్పవలసినది డాక్టరు కాదు, ప్రభుత్వమూ కాదు. రేకులు తీయించే ఇంటి యజమాని, అంటే మనం.

పని ఎట్లా చేయాలో చెప్పడం పెద్ద కష్టం కాదు. పాత బూడిదరంగు సిమెంటు రేకు ఏదైనా సరే, పరీక్ష చేయించనంత వరకు రాతినార ఉన్నదనే అనుకోవాలి. వీలైతే కదపవద్దు. కోతులు దూకి చిన్న బీట పడితే దాని మీద అతుకు వేసి రంగు పూయించవచ్చు. తీయక తప్పదంటే, ముందు రోజు బోల్టులకు నూనె వేసి నాననివ్వాలి. పని మొదలుపెట్టే ముందు కొంచెం సబ్బు కలిపిన నీళ్లు స్ప్రేయరుతో చల్లి రేకులను తడపాలి. ఒట్టి నీళ్లు జారిపోతాయి, సబ్బు నీళ్లు లోనికి ఇంకుతాయి. తడి ఆరకుండా మధ్యమధ్య మళ్లీ చల్లాలి. నీళ్లు కదా అని మోటారు పెట్టి జోరుగా కొట్టరాదు, దాంతో పోగులు ఊడి అంతటా పడుతాయి. బోల్టు రాకపోతే బోల్టునే కోయాలి గాని రేకును పగలగొట్టరాదు. రేకును నిండుగా ఇద్దరు పట్టుకుని దించాలి, పైనుంచి విసరరాదు. గ్రైండరు ఆ రోజు ఇంట్లోనే పెట్టి రావాలి. కిటికీలు మూసి, పిల్లలను, పెద్దవారిని ఆ పూటకు చుట్టాలింటికి పంపాలి. చివరన పొడి పరక వద్దు, తడిగుడ్డలతో తుడిచి ఆ గుడ్డలు కూడా మూటగట్టాలి.

తువ్వాలు, చేతిరుమాలు ఈ పోగులను ఆపవు. కరోనా రోజుల్లో మనం కట్టుకున్న గుడ్డ మాస్కులు, నీలి మాస్కులు కూడా ఆపవు. ముఖానికి రబ్బరుతో బిగుసుకుని, రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లు ఉండే మాస్కు వాడాలి. దుకాణంలో పి-100 లేక పి-3 అని అడిగితే ఇస్తారు. గడ్డం ఉన్నవారికి మాస్కు సరిగ్గా అంటుకోదు, పక్కల నుంచి గాలి పోతుంది. మనలో ఇది చిన్న సమస్య కాదు. అందుకే గడ్డం ఉన్న మేస్త్రీ దుమ్ము లేచే చోట గాక, కింద రేకులు అందుకునే పనిలో ఉండేటట్టు మనుషులను సర్దుకోవాలి. ఇంకొక సంగతి, దీనికి దుమ్ముతో సంబంధం లేదు. పాత రేకు మీద నేరుగా కాలు పెడితే అది విరిగి మనిషి కింద పడుతాడు. అడ్డంగా పలక వేసుకుని దాని మీదనే నడవాలి. దుమ్ము 30 ఏండ్లకు చంపుతుంది, ఇది ఆ నిమిషానే.

తీసిన రేకులు ఏం చేయాలన్నదే నిజంగా చిక్కు. మన అలవాటు ఏమిటంటే, ముక్కలను గుంతలో పోయడం, వీధిలో బురద ఉన్న చోట పరవడం, పొయ్యికి గాలి అడ్డం పెట్టడం, కోళ్లగూటికి కప్పు వేయడం. వీధిలో పరిచిన ముక్కల మీద ఆటోలు, బండ్లు తిరిగి తిరిగి అదే పొడి చేస్తాయి. తడిపి, మందపాటి ప్లాస్టిక్కులో రెండు పొరలు చుట్టి, మీద "రాతినార – విప్పరాదు" అని రాసి, ఎక్కడ వేయాలో మున్సిపాలిటీ వారిని ముందే కాగితం పెట్టి అడగాలి. మామూలు చెత్తబండిలో వేయకూడదు, ఆ బండి ఎత్తేవాడు కూడా ఒక మనిషే. కొత్త కప్పుకు రంగు పూత ఇనుప రేకులు ఉన్నాయి, రాతినార లేని సిమెంటు రేకులు కూడా వస్తున్నాయి. ఇనుప రేకు ఎండకు కాగుతుంది, వానకు మోగుతుంది, నిజమే. పైన తెల్ల రంగు, కింద ఏదైనా సీలింగు వేసుకుంటే కొంత నయం.

ఇక చివరి సంగతి, లెక్కల పుస్తకం. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు రాతినార పరిశ్రమల కార్మికుల విషయంలో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. కార్మికుని ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలు పనిలో చేరిన నాటి నుంచి 40 ఏండ్లు, లేదా పని మానిన తరువాత 15 ఏండ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఎన్ని ఏండ్లకు బయటపడుతుందో తెలుసుకునే ఆ గడువు పెట్టినారు. చాలా మంచి తీర్పు. కాని అది ఫ్యాక్టరీలో హాజరు పట్టీ మీద పేరు ఉన్నవాడికి. మన రేకుల మేస్త్రీ ఏ పట్టీలో ఉన్నాడు? వాడికి యజమానులు 100 మంది, అంటే ఒక్కడూ లేడు.

మాస్టరుకు రిజిస్టరు రాయడం తప్ప వేరే విద్య రాదు. కనుక ఒక రిజిస్టరు కొన్నాము, మన డబ్బుతోనే, కోశాధికారిగారు కంగారు పడవద్దు. రేకుల పని, ప్లంబింగు, కరెంటు, బ్రేకుల పని చేసే మనవారి పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు ఏ పని చేసినారు, బీడీ అలవాటు ఉన్నదా లేదా, ఇంతే రాస్తాము. ఒక నకలు వారి చేతికే ఇస్తాము. రేపు దగ్గు పట్టుకుని డాక్టరు దగ్గరికి పోతే, ఆ కాగితం ముందు బల్ల మీద పెట్టాలి. మొదటి పేరు మా పాత విద్యార్థిది, 14 ఏండ్లు. రెండవది మా మేనమామది. ఆయన లేరు గాని రాసినాము. సభ అయిన తరువాత తలుపు దగ్గర కూర్చుంటాము, వచ్చి రాయించుకోండి.

సొసైటీవారికి మా మనవి ఒకటే. ఈ ఏటి బడ్జెటు కాగితంలో "షాదీఖానా వసారా పాత రేకులు తీయుట – శ్రమదానము – ఖర్చు లేదు" అని అచ్చు వేసినారు. అక్కడ ఉన్నవి 46 రేకులు. ఆ అబ్బాయి చేత లెక్క వేయించినాము. నలుగురు మనుషులు, మూడు రోజులు, మాస్కులు నాలుగు, ప్లాస్టిక్కు చుట్ట ఒకటి, స్ప్రేయరు, నీళ్ల ట్యాంకరు. ఆ కాగితం కోశాధికారిగారి చేతికి ఇచ్చినాము. వానలు పడే లోపల కార్యవర్గం కూర్చుని తేల్చాలి. పోయిన ఏడు మనం పగలగొట్టిన ముక్కలు ప్రహరీగోడ పక్క గుంతలో అట్లనే ఉన్నాయి, వాటి మీద ఇప్పుడు పిల్లలు సైకిళ్లు నిలబెడుతున్నారు. ఆ గుంతను తడిపి, మట్టి వేసి, పైన కాంక్రీటు పోయించేదాకా అక్కడ తాడు కట్టించమని వాచ్‌మన్ చాచాకు ఈ పొద్దే చెప్పినాము. సైకిళ్లు మసీదు వైపు గోడకు పెట్టుకోండి.